తీసుకునే కుంచం, ఇచ్చే కుంచం



ఏటా అక్టోబరు చివర్లో కాలేజీల్లో అవినీతి వ్యతిరేక వారోత్సవాలు జరుగుతాయి. "విజిలెన్స్ అవేర్‌నెస్ వీక్" అని బ్యానర్ కట్టి, పిల్లలందరి చేతా ప్రతిజ్ఞ చేయించి, ఒక వ్యాసరచన పోటీ పెట్టి, ఫోటోలు పైకి పంపిస్తే పని అయిపోతుంది. తెలుగు లెక్చరర్ని కాబట్టి పేపర్లు దిద్దే పని నా నెత్తిన పడుతుంది. ఈసారి అంశం "ఆధునిక సమాజంలో వ్యక్తిగత నిజాయితీ తగ్గిపోతోందా?" నలభై పైచిలుకు పేపర్లు వచ్చాయి. అన్నింట్లో జవాబు ఒకటే, తగ్గిపోతోంది. పూర్వం మాటకు విలువ ఉండేదట. మన తాతల కాలంలో ఇళ్లకు తాళాలు వేసేవాళ్లు కాదట. రాసినవాళ్లలో సగానికి పైగా ఎస్సీ, ఎస్టీ, బీసీ హాస్టళ్ల పిల్లలు. వీళ్ల తాతల ఇళ్లకు తాళాలు లేని మాట నిజమే. చాలా ఇళ్లకు తలుపులే లేవు.

పేపర్లు తిరిగిచ్చేటప్పుడు ఒక్క ప్రశ్న అడిగాను. పూర్వం అంటే ఏ సంవత్సరం? ఎవరూ చెప్పలేదు. తేదీ లేని పూర్వకాలం చరిత్రలోకి రాదు, పురాణంలోకి వెళ్తుంది.

ఆ పురాణం ఏదో మనకు తెలుసు. కృతయుగంలో ధర్మం నాలుగు కాళ్ల మీద నడిచింది, యుగానికో కాలు పోయి కలిలో ఒంటికాలి మీద కుంటుతోంది అంటారు. భాగవతం పన్నెండో స్కంధంలో కలి లక్షణాల జాబితా ఉంటుంది. చదవని మిత్రులు ఒకసారి తీసి చూడండి. అబద్ధం, లోభం, దొంగతనం పెరుగుతాయని ఉంటుంది. అదే జాబితాలో శూద్రులు ఎత్తైన ఆసనమెక్కి ధర్మం చెబుతారని కూడా ఉంటుంది. రాసినవాడికి రెండూ ఒకే రకం పతనం. అంటే నేను తరగతిలో బల్ల ముందు నిలబడి పాఠం చెప్పడం, లంచగొండి సంతకం పెట్టడం ఒకే పద్దులో ఉన్నాయి. "కాలం చెడిపోయింది" అనే మాట మన నోటికి ఈ దారినే వచ్చింది. వాడేముందు ఆ మాట ఎవరింటి నుంచి వచ్చిందో చూసుకోవాలి.

సరే, పురాణం వదిలేసి తేదీలు పట్టుకుని వెనక్కి నడుద్దాం.

కేంద్ర విజిలెన్స్ కమిషన్ 1964లో పుట్టింది, సంతానం కమిటీ సిఫారసు మీద. మన రాష్ట్రంలో ఏసీబీ 1961 జనవరిలో వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి పద్నాలుగేళ్లు నిండలేదు, ఖద్దరు ఇంకా మాసిపోలేదు, అప్పటికే లంచగొండుల్ని పట్టుకోవడానికి విడిగా ఒక శాఖ కావాల్సి వచ్చింది. అవినీతి నిరోధక చట్టం ఇంకా ముందుది. 1947 మార్చి, ఎర్రకోట మీద జెండా ఎగరడానికి ఐదు నెలల ముందు. యుద్ధకాలపు కాంట్రాక్టుల్లో, కంట్రోలు సరుకుల్లో అంత తిన్నారు. 1860 నాటి శిక్షాస్మృతిలోనే ఉద్యోగి లంచం తీసుకోవడం మీద సెక్షన్లుండేవి. కందుకూరి 1874లో వివేకవర్ధని మొదలుపెట్టి రాజమండ్రి కచేరీల్లో, కోర్టుల్లో నడిచే లంచాల మీద రాశాడు. గురజాడ కన్యాశుల్కం 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. అందులో దొంగ సాక్ష్యం ఉంది, వకీళ్ల మోసం ఉంది, పోలీసు లంచం ఉంది. జనం చూసి నవ్వారంటే ఆ సరుకు వాళ్లకు బాగా తెలిసినదే అన్నమాట.

ఇంకా వెనక్కి వెళ్తే గుంటూరు వస్తుంది. ఇక్కడ కాసేపు కూర్చోవాలి.

గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చింది. పైన కలెక్టరు ఇంగ్లీషు దొర. తెలుగు, మరాఠీ లెక్కలు సొంతంగా చదివి తేల్చుకోలేడు. ఆయన పక్కన హుజూరు శిరస్తదారు, వాళ్ల కింద తాలూకా ఉద్యోగులు, ఊళ్లో కరణం. ఊరి భూమి ఎంతో, ఎవరిదో, ఏం పండిందో కరణం తాటాకులకు తెలుసు. దొరకు తెలిసేది కరణం చెప్పినంత. 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చింది. డొక్కల కరువు అంటారు. జిల్లా జనాభా ఐదు లక్షలైతే, లక్షన్నర నుంచి రెండు లక్షల దాకా చచ్చిపోయారని అంచనా. ముందు ఎవరు చచ్చిపోయి ఉంటారో నేను చెప్పనక్కర్లేదు. గాదెల్లో గింజ లేనివాళ్లు, ఒకరి గాదె మీద బతికేవాళ్లు.

కరువు పోయి ఏళ్లు గడిచినా జిల్లా శిస్తు కోలుకోలేదు. పాత జమీందారీలు ఒకటొకటిగా బకాయిల్లో మునిగి సర్కారు అజమాయిషీలోకి వచ్చాయి. అయినా రాబడి పెరగలేదు. మద్రాసు వాళ్లకు అనుమానం వచ్చి 1845లో వాల్టర్ ఎలియట్‌ను విచారణకు పంపారు. ఆయన తవ్వే కొద్దీ బయటపడింది. సాగులో ఉన్న పొలం బంజరుగా, పన్ను కట్టాల్సిన చేను ఇనాముగా, పండిన పంట ఎండినట్టుగా కాగితం మీదికెక్కేవి. మిగిలిన సొమ్ములో కరణం నుంచి హుజూరు కచేరీ దాకా ఎవరి వాటా వాళ్లకు చేరేది. అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో గుంటూరు జిల్లా మీద వేసిన పుస్తకంలో ఈ కథంతా కాగితాల ఆధారంతో ఉంది. కచేరీలో పెద్ద కొలువులు కొన్ని దేశస్థ బ్రాహ్మణ కుటుంబాల చేతుల్లో ఎలా అల్లుకుపోయాయో, పై కలెక్టర్లు మారినా ఆ అల్లిక ఎలా చెక్కుచెదరలేదో ఆయన చూపించాడు. ఒక కులాన్ని తిట్టడానికి ఇది చెప్పడం లేదు. కలం, కచేరీ, తాటాకు ఏ కులం చేతిలో ఉంటే ఆ కులం కథ ఇలాగే ఉండేది.

నాకు ఇందులో ఆశ్చర్యం కలిగించేది తినడం కాదు. ఆ తినడంలోని నమ్మకం. ఏళ్ల తరబడి, వందల ఊళ్లలో, ఇంతమంది కలిసి ఒక అబద్ధాన్ని మోశారు. వాటా ఎగ్గొట్టినవాళ్లు, బయట పెట్టినవాళ్లు ఎక్కువమంది ఉండుంటే అది అన్నేళ్లు నిలిచేది కాదు. సుమతీ శతకంలో కరణం తోటి కరణాన్ని నమ్మకూడదని చెప్పే పద్యం ఒకటుంది. గుంటూరు కరణాలు ఆ పద్యాన్ని లెక్కచేసినట్టు లేదు. ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు, నిలబెట్టుకున్నారు. వాళ్ల మనవల్ని అడిగితే, మా తాతల కాలంలో మాటంటే మాటే అని చెబుతారు. అది అబద్ధం కాదు. ఆ మాట ఎవరి మధ్య నడిచింది, ఎవరి నెత్తి మీద నడిచింది అనేదే అసలు సంగతి.

ఎవరి నెత్తి మీదో తెలియాలంటే ఇంకో పదేళ్లు ముందుకు రావాలి. 1855లో మద్రాసు రాజధానిలో చిత్రహింసల మీద ఒక కమిషన్ నివేదిక ఇచ్చింది. శిస్తు వసూలు కోసం కింది ఉద్యోగులు రైతుల్ని ఎలా హింసించేవాళ్లో అందులో ఉంది. వేళ్లను చెక్కల మధ్య బిగించే కిట్టి, మనిషిని వంచి మెడను కాళ్లకు కట్టేసి ఎండలో ఉంచడం, ఇవన్నీ మామూలు వసూలు పద్ధతులు. ఇది భూమి ఉన్న రైతు గతి. భూమి లేని మాల మాదిగల పేరు ఆ శిస్తు లెక్కల్లో పట్టాదారుగా కనపడదు. వెట్టి చేసేవాడిగా కనపడుతుంది.

ఇంకో విషయం. నిజాయితీ ఉందా లేదా తేలాలంటే ముందు మనిషి మాట వినేవాడు ఉండాలి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం సాక్షుల గురించి ఏం చెప్పిందో గుర్తుచేసుకోండి. ద్విజులకు ద్విజులు, శూద్రులకు శూద్రులు, అంత్యజులకు అంత్యజులే సాక్షులు. అంటే పై కులం వాడు చేసిన నేరం గురించి మా వాడు నిజం చెప్పినా అది సాక్ష్యం కాదు. వాడి నిజానికి చెల్లుబాటు లేదు. 1872 సాక్ష్య చట్టం ప్రకారం, ప్రశ్న అర్థం చేసుకుని జవాబు చెప్పగల ఎవరైనా సాక్షే అయ్యారు. అది కంపెనీ పోయి రాణి పాలన వచ్చాక తెల్లవాళ్లు రాసిన చట్టం. వాళ్లు మన మీద ప్రేమతో రాయలేదు, కానీ మన మాట కాగితం మీద మాట అయింది అలాంటి చట్టాలతోనే. ఊళ్లో అవ్వడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

మా ఊరిది అదే గుంటూరు జిల్లా. మా తాత పాలేరు. మా మేనత్త పెళ్లికి కామందు దగ్గర అప్పు తెచ్చి, ఆ అప్పు కింద ఏడాది జీతానికి కుదిరాడు. ఏడాది అన్నది పదహారేళ్లయింది. జీతం ధాన్యంలో. నడుమ తిండికి చాలకపోతే నాగుకు వడ్లు తెచ్చుకోవాలి, కోతలయ్యాక సగం మళ్లీ కలిపి తిరిగివ్వాలి. కుంచం ఒకటే. తీసుకునేటప్పుడు గోపురంలా పోసి కొలిచేవాళ్లు. ఇచ్చేటప్పుడు అంచు మీద కర్ర పెట్టి లాగేసేవాళ్లు. మా తాత వాటికి పేర్లు కూడా పెట్టుకున్నాడు, తీసుకునే కుంచం, ఇచ్చే కుంచం. మా నాయనమ్మ గోడ మీద బొగ్గుతో గీతలు గీసి లెక్క పెట్టుకునేది. ఉగాదికి కామందు పుస్తకం తీసి లెక్క చెప్పేవాడు. ఆ పుస్తకం, ఈ గోడ ఏనాడూ కలవలేదు. పుస్తకమే గెలిచేది. కింద మా తాత వేలిముద్ర.

ఆ కామందుకు ఊళ్లో గొప్ప పేరు. నోటు రాయించుకోకుండా తోటి ఆసాములకు వేలకు వేలు ఇచ్చేవాడట. ఇంకో ఆసామి చచ్చిపోతే, ఎవరికీ తెలియని బాకీని పిలిచి మరీ కొడుకు చేతిలో పెట్టాడట. ఇదంతా నిజమే. చిన్నప్పుడు మా తాతే చెప్పేవాడు. "ఆయన మాటంటే మాటేరా అబ్బాయ్, వాళ్లలో వాళ్లకి" అనేవాడు. చివరి రెండు మాటలు గమనించండి. పీహెచ్‌డీ కోసం చదివిన పుస్తకాల్లో ఎక్కడా నాకు ఇంత తేటగా దొరకలేదు.

మన పిల్లలు వ్యాసాల్లో రాసిన "తాతల కాలపు నిజాయితీ" ఆ ఆసామి మనవడి జ్ఞాపకం. అది బడి పుస్తకంలోకి, సినిమాలోకి, ప్రవచనంలోకి వచ్చి అందరి జ్ఞాపకమైపోయింది. మా నాయనమ్మ గోడను సున్నం కొట్టేశారు.

వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది. మా తాత ఆ తర్వాత ఐదేళ్లు అదే కామందు దగ్గర చేశాడు. చట్టం ఢిల్లీ నుంచి ఊరికి నడిచి రావాలి, దారిలో కచేరీలున్నాయి. ఆ దారిలో నడిపించినవాళ్లలో మనం మరిచిపోకూడని పేరు ఎస్.ఆర్. శంకరన్. తమిళనాడు నుంచి వచ్చిన ఐఏఎస్, మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ శాఖ కార్యదర్శి. పల్లెల్లోకి వెళ్లి పాలేర్లతో కూర్చుని, మీ అప్పులు చట్టప్రకారం చెల్లవు అని చెప్పేవాడు. భూస్వాముల ఫిర్యాదులు ముఖ్యమంత్రి దాకా వెళ్లాయి, ఆయన సెలవు మీద వెళ్లాల్సి వచ్చింది. తర్వాత త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి పిలిచి తమ రాష్ట్ర ప్రధాన కార్యదర్శిగా పెట్టుకున్నాడు. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే శంకరన్ వద్దన్నాడు. 2010లో పోయాడు.

ఆయన పెళ్లి చేసుకోలేదు, జీతం పేద పిల్లల చదువులకు ఇచ్చేశాడు, చిన్న ఇంట్లో బతికాడు అని చెబుతుంటారు. అవి నిజాలే. కానీ ఆ తరంలో లంచం ముట్టని ఐఏఎస్‌లు ఇంకా చాలామంది ఉన్నారు. చేతులు శుభ్రం, ఫైళ్లు శుభ్రం. వాళ్ల టేబుళ్ల మీద అదే చట్టం, అవే సెక్షన్లు. వాళ్లలో చాలామంది వల్ల ఒక్క పాలేరూ విడుదల కాలేదు. లంచం తీసుకోకపోవడానికి ఖర్చు తక్కువ. రాసిన చట్టాన్ని రాసినట్టు అమలు చేయడానికి ఉద్యోగం పోయే ఖర్చు ఉంది. పోటీ పరీక్షలకు చదివే మిత్రులు ఎథిక్స్ పేపర్లో శంకరన్ పేరు ఉదాహరణగా రాస్తుంటారు. రాయండి. రాసేటప్పుడు చిన్న ఇంటి దగ్గర ఆగిపోవద్దు.

ఇక్కడే దామోదరం సంజీవయ్య దగ్గరికి రావాలి, ఎందుకంటే ఆ నలభై పేపర్లలో గాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి తర్వాత ఎక్కువసార్లు కనపడిన పేరు ఆయనదే. కర్నూలు దగ్గర పెద్దపాడులో 1921లో పుట్టాడు. 1960 జనవరి నుంచి 1962 మార్చి దాకా ముఖ్యమంత్రి. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. తర్వాత కాంగ్రెస్ పార్టీకి మొదటి దళిత జాతీయ అధ్యక్షుడు. 1972లో యాభై ఒక్క ఏళ్ల వయసులో పోయాడు. పిల్లలు రాసిందేమిటి? తల్లి గుడిసెలోనే ఉండేది, ఆయన ఆస్తి ఒక పెట్టె, పదవి దిగాక బస్సెక్కి వెళ్లాడు. ఈ కథలు సభల్లో చెబుతుంటే నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. కానీ పక్కన పెట్టి చూడండి, ఏసీబీ ఎవరి హయాంలో వచ్చిందో ఎంతమంది రాశారు? ఇద్దరు. వృద్ధాప్య పింఛను ఆయన మొదలుపెట్టాడని ఒకరు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్నప్పుడు 1965లో బోనస్ చట్టం వచ్చిందని ఒక్కరూ రాయలేదు. ఆ చట్టం వల్ల దసరాకు బోనస్ అందుకునే కార్మికులకే తెలియదు, పిల్లల్ని అని ఏం లాభం.

దళిత నాయకుడి నిజాయితీ అనగానే ఈ సమాజానికి ఆయన పేదరికం గుర్తొస్తుంది, పని గుర్తుకురాదు. అందులో ఒక షరతు ఉంది. పేదగా ఉంటేనే నమ్ముతాం అనే షరతు. మరో కులపు నాయకుడికి వందల ఎకరాలుంటే "పుట్టు ధనవంతుడు, తినాల్సిన అవసరం లేదు" అంటారు. మావాడు కారు కొంటే "ఎక్కడిది?" అంటారు. ఆ పుట్టు ధనం ఏ కుంచంతో వచ్చిందో ఎవరూ అడగరు. మన దగ్గర నిజాయితీని గోపురం పోసి కొలుచుకుంటున్నారు, మనకిచ్చే దగ్గర కర్ర పెట్టి లాగేస్తున్నారు.

ఇంతవరకు చదివి తలలూపుతున్న మిత్రులారా, మీకు నచ్చని మాట ఇప్పుడు చెబుతున్నాను. ఈ అన్యాయపు కొలతను చూపించి మనవాళ్ల దొంగతనాన్ని కప్పుకోలేం. బంగారు లక్ష్మణ్ హైదరాబాద్ దళితుడు, 2000లో బీజేపీ జాతీయ అధ్యక్షుడయ్యాడు. 2001 మార్చిలో తెహల్కా రహస్య కెమెరాలో లక్ష రూపాయలు తీసుకుంటూ దొరికాడు, పదవి పోయింది. 2012లో ఢిల్లీ కోర్టు నాలుగేళ్ల శిక్ష వేసింది. అప్పట్లో మనవాళ్లు కొందరు "కోట్లు తిన్నవాళ్లు బాగానే ఉన్నారు, లక్షకు దళితుడే దొరికాడు" అన్నారు. అందులో కొంత నిజం ఉంది. అయినా తీసుకున్నది తీసుకున్నట్టే. ఆ కాగితాల కట్ట డ్రాయర్‌లో పెట్టిన చెయ్యి ఆయనదే, మనువుది కాదు.

అంత దూరం కూడా అక్కర్లేదు. నేను ఇంటర్ చదివిన రోజుల్లో ఉన్న హాస్టల్లో వార్డెన్ మనవాడే. గది గోడ మీద బాబాసాహెబ్ ఫోటో, ఏప్రిల్ 14న మంచి ఉపన్యాసం. పప్పులో పప్పు ఉండేది కాదు. నెలాఖరుకు బియ్యం బస్తాలు రాత్రిపూట ఆటోలో వెళ్లేవి. అడిగితే, "మనోణ్ణి మనమే బజారుకీడిస్తే పై కులాలోళ్లు నవ్వుతారురా" అన్నాడు. ఆ మాట వింటే నాకు ఇప్పుడు గుంటూరు హుజూరు కచేరీ గుర్తొస్తుంది. వాళ్లలో వాళ్లకి మాట తప్పకపోవడం. మన ఉద్యమాల్లో, సంఘాల్లో, చందా పుస్తకాల్లో కూడా ఇది ఉంది. సంఘం డబ్బు లెక్క అడిగినవాడికి "ఐక్యత చెడగొడుతున్నాడు" అనే ముద్ర వేయడం మీలో ఎంతమంది చూళ్లేదు? వార్డెన్ ఎత్తుకెళ్లిన బస్తాల్లో బియ్యం మా తాత లాంటి వాళ్ల మనవలవి.

కాబట్టి నిజాయితీ తగ్గుతోందా అంటే నా జవాబు తగ్గిందని కాదు, పెరిగిందని కూడా సులువుగా అనను. కొలిచేవాళ్లు మారారు. ఒకప్పుడు పుస్తకం రాసినవాడే పుస్తకం చదివేవాడు. ఇవాళ వేలిముద్ర వేసినవాడి మనవరాలు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఉపాధి హామీ మస్టర్లు తీయించి చదువుతోంది. దొంగలెక్కలు ఇవాళ ఎక్కువ కనపడుతున్నాయంటే చదివే కళ్లు ఎక్కువయ్యాయి. అదే సమయంలో, మునుపు ఎవరూ అడగని చోట్ల నిజాయితీ కనపడింది. దానికి మన దగ్గర గట్టి రుజువులున్నాయి.

1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. అప్పుడు బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. ఆ కొలువుకు రాజీనామా చేసి బయటికి వచ్చి చీరాల శిబిరంలో జనంతో నిలబడ్డాడు. ఆ సెప్టెంబరులో పుట్టిన దళిత మహాసభ కథ మీకు తెలుసు. ఆ రాజీనామా ఒక చదువుకున్న మనిషిది, పేరున్న మనిషిది. నేను చెప్పాలనుకుంటున్నది పేర్లు లేనివాళ్ల గురించి.

1991 ఆగస్టు 6, చుండూరు. అప్పటి గుంటూరు జిల్లా, ఎలియట్ లెక్కలు తవ్విన జిల్లాయే. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలై, సాంఘిక బహిష్కరణ దాకా పోయి, ఆ రోజు పట్టపగలు ఎనిమిది మంది దళితుల్ని తరిమి చంపారు. శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేశారు. బతికినవాళ్లు చచ్చిపోయినవాళ్లను ఊరి నడుమ పాతిపెట్టారు. ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు. నేరం జరిగిన ఊళ్లోనే కోర్టు పెట్టాలని, తమకు నమ్మకమున్న ప్రాసిక్యూటర్ కావాలని పట్టుబట్టారు. పోరాడగా పోరాడగా చుండూరులోనే ప్రత్యేక కోర్టు వచ్చింది. అట్రాసిటీ చట్టం కింద, నేరస్థలంలోనే పెట్టిన మొదటి కోర్టు అది. బి. చంద్రశేఖర్ ప్రభుత్వం తరఫున వాదించాడు. విచారణ మొదలయ్యేసరికి పదమూడేళ్లు.

ఈ పదమూడేళ్ల గురించి ఆలోచించండి. సాక్షుల్లో ఎక్కువమంది కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగేవాళ్లు. నిందితులు భూములున్నవాళ్లు. సాక్ష్యం చెప్పకపోతే లాభం, చెబితే పని పోతుంది. ఈ దేశంలో అట్రాసిటీ కేసులు ఎక్కువగా చచ్చేది ఇక్కడే, రాజీ దగ్గర. సాక్షి ఎదురు తిరుగుతాడు, కేసు కొట్టేస్తారు, అందరూ "డబ్బుకు అమ్ముడుపోయారు" అంటారు. చుండూరు జనం కోర్టుకు వచ్చారు. ఊళ్లో ఎదురుపడే మనుషుల్ని బోనులో చూపించి వీడు, వీడు అని పేర్లు చెప్పారు. మనువు లెక్కలో అంత్యజుడి మాట సాక్ష్యమే కాదు. వాళ్ల ఊళ్లోనే వాళ్ల మాట విని 2007 జూలై 31న కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. పతనకాలం అని మన పిల్లలు రాసిన కాలం అదే.

2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరి శిక్షల్నీ కొట్టేసింది. ప్రాసిక్యూషన్ నేరాన్ని రుజువు చేయలేకపోయిందని చెప్పింది. ఇరవై మూడేళ్ల కింద తాము చూసింది ఇదీ అని చెప్పినవాళ్లు మళ్లీ బస్సెక్కి ధర్నాలకు వచ్చారు. కేసు సుప్రీంకోర్టు గడప తొక్కింది.

చుండూరు ప్రత్యేక కోర్టు ఎలా నడిచింది, ఒక కూలి మనిషిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏమేం అడుగుతారు అన్నది వచ్చే భాగంలో రాస్తాను. లా చదివే మిత్రులు ఈలోగా 1872 నాటి పాత సాక్ష్య చట్టంలో 118వ సెక్షను ఒకసారి చదువుకుని ఉండండి.